కొస కొరికే ప్లేనరుకు రెండు బల్లలు

పాలిష్ మేస్త్రి ఫోన్ చేసి "ఒకసారి వచ్చి చూసుకో తమ్ముడూ, తర్వాత నన్ననొద్దు" అన్నప్పుడే తెలిసింది, ఏదో తేడా వచ్చిందని. వెళ్లేసరికి తలుపు రెక్క రెండు స్టూళ్ల మీద పడుకుని ఉంది. టేకు తలుపు, 7 అడుగుల ఎత్తు. మొదటి కోటు అప్పుడే వేశాడు. కిటికీ వెలుతురు పడేలా వంగి చూస్తే, నిలువు బద్ద పై కొసకు రెండంగుళాల దిగువన అడ్డంగా సన్నటి గీత. గీత కాదు, మెట్టు. కింది కొసన ఇంకోటి. రెండో బద్దకీ అంతే. అడ్డ బద్ద వచ్చి నిలువు బద్దను కలిసే మూలల్లో ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా ఉంది. పాలిష్ పడకముందు నా కంటికి ఆనలేదు. సాండ్‌పేపర్ పట్టిన కుర్రాడి వేలికైనా తగిలే ఉంటుంది, వాడు చెప్పలేదు. మెరుపు వచ్చేసరికి వీధిలో పోయేవాడికి కూడా కనపడేలా ఉంది.

ఆ తలుపు మళ్లీ గీకి, సరిచేసి ఇచ్చాను. రెండు రోజుల పని, కూలి నా జేబులోంచే.

మా షెడ్డు రాజమండ్రిలో ఒక సందులో ఉంది. లోపల 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తాం. ఇదివరకు చెక్కంతా కోత మిల్లులోనే ప్లేనింగ్, అంటే మిషన్‌తో పైపొర గీకి ఒకే మందానికి తేవడం, చేయించుకుని తెచ్చుకునేవాణ్ణి. ఆటో ఖర్చు, వరస కోసం ఎదురుచూపులు, "రేపు రా" అనే మాట, ఇవన్నీ పడలేక, ఇంటీరియర్ పని చేసే ఒకాయన దుకాణం ఎత్తేస్తుంటే ఆయన దగ్గర 12 అంగుళాల పోర్టబుల్ థిక్‌నెస్ ప్లేనర్ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇద్దరు పట్టుకుంటే లేస్తుంది. సింగిల్ ఫేజ్, ఒక 16 ఆంప్స్ సాకెట్టు ఉంటే చాలు. దానికి ముందూ వెనకా రేకుతో చేసిన మడత రెక్కలు ఉన్నాయి. ఇటు కొస నుంచి అటు కొసకు టేపు పెడితే మొత్తం రెండున్నర అడుగులు. 7 అడుగుల చెక్కకు రెండున్నర అడుగుల బల్ల! కొన్న రోజు ఆ లెక్క నా బుర్రకు తట్టలేదు.

తలుపు గొడవయ్యాక మా బాబాయికి చూపించాను. ఆయనకు 70 దాటాయి. నలభై ఏళ్లు చిత్రిక పట్టిన మనిషి, మిషన్ అంటే ఇప్పటికీ పెద్ద నమ్మకం లేదు. బద్ద కొస మీద బొటనవేలు ఆడించి, "కొస కొరికిందిరా" అన్నాడు. దీన్ని ఇంగ్లీషులో స్నైప్ అంటారని నాకు తర్వాత తెలిసింది. మా షెడ్డులో మాత్రం ఆ రోజు నుంచి దాని పేరు కొస కొరుకుడే.

"చిత్రికతో కూడా కొరుకుద్ది" అన్నాడు. "కొత్తగా నేర్చుకునేవాడు ముందూ వెనకా ఒకేలా నొక్కుతాడు. చెక్క మీదికి ఎక్కేటప్పుడు ముక్కు నొక్కాలి, దిగేటప్పుడు మడమ నొక్కాలి. లేదంటే రెండు కొసలూ పల్లమైపోతాయి. నీ మిషన్‌కి ఆ చెయ్యేదిరా?"

ప్లగ్గు పీకేసి, పై మూత విప్పి చూశాను. చెయ్యి ఉంది. బ్లేడ్ల డ్రమ్ముకు ముందొక రబ్బరు రోలరు, వెనకొక రోలరు. రెండూ నొక్కినంతసేపూ చెక్క బెడ్‌కు, అంటే కిందనున్న ఇనుప పీఠానికి, అతుక్కునే ఉంటుంది. లోపలికి వెళ్లేటప్పుడు మాత్రం మొదటి రెండంగుళాలూ ముందు రోలరు ఒక్కటే పట్టుకుంటుంది. బయటికొచ్చేటప్పుడు చివరి రెండంగుళాలూ వెనక రోలరు ఒక్కటే. ఆ కాసేపట్లో కొస కాస్త పైకి లేచిందంటే బ్లేడు ఆ కాస్తా తినేస్తుంది. రోలరు ఆనే చోటు నుంచి బ్లేడు దాకా స్కేలు పెట్టి కొలిస్తే రెండుంపావు అంగుళాలు వచ్చింది. మిగిలిన బద్దల మీద మెట్టు ఎక్కడుందో కొలిచాను. అక్కడా రెండుంపావే.

మరి కొస ఎందుకు లేస్తుంది? బరువుకి. 7 అడుగుల పొడవు, 6 అంగుళాల వెడల్పు, అంగుళన్నర మందం ఉన్న టేకు చెక్కను కాటా మీద పెడితే 8 కిలోల దాకా తూగింది. మిషన్ దాటిపోయే ముందు అందులో ఐదున్నర అడుగులు అవతల గాలిలో వేలాడుతూ ఉంటాయి. రేకు రెక్క అంచు మీద ఏతం లాగా తూగుతుంది. అటు కొస దిగితే ఇటు కొస లేస్తుంది. లేచినచోట బ్లేడు కాచుకుని ఉంటుంది.

దీనికి అందరూ చెప్పే సులువైన మందు, రెండు కొసలా మూడేసి అంగుళాలు ఎక్కువ పొడవు ఉంచుకుని తర్వాత కోసెయ్యడం. కొన్నాళ్లు అదే చేశాను. 7 అడుగుల బద్దకు ఏడున్నర అడుగుల చెక్క. అంటే 15 సీఎఫ్టీ (ఘనపుటడుగులు) టేకు కొంటే ఒక సీఎఫ్టీ కొసల కిందే పోతుంది. టేకు ధర తెలిసినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. పైగా నాకొచ్చే పని సగం పాత ఇళ్ల కలపతో. కోనసీమలో మండువా ఇల్లు విప్పిన దూలాలు, వాసాలు తెచ్చి "వీటితోనే తలుపులు చెయ్యి" అంటారు. దాని పొడవు దానిదే, ఇంకో ఆరంగుళాలు పెంచమని ఎవర్ని అడుగుతాం?

రెండో మందు మనిషి. అవతల కుర్రాణ్ణి నిలబెట్టి, చెక్క వచ్చేటప్పుడు కొస కొద్దిగా ఎత్తి పట్టుకోమన్నాను. బ్రహ్మాండంగా పనిచేసింది, మొదటి నాలుగైదు చెక్కలకు. ఇరవయ్యో చెక్కకు చేతులు దిగిపోతాయి. సెల్లు మోగితే ఇరవైదాకా కూడా ఆగక్కర్లేదు.

అప్పుడు రోలర్ స్టాండ్లు కొన్నాను, రెండు. ముక్కాలి పీట లాంటి కాళ్లు, పైన ఒక రోలరు, ఎత్తు సరిచేసుకోడానికి ఒక మర. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. మా షెడ్డు నేల పాత నాపరాళ్లది, ఏ రెండు రాళ్లూ ఒక మట్టంలో ఉండవు. స్టాండు ఒక గజం జరిపితే ఎత్తు మారిపోతుంది. మర ఎంత బిగించినా నాలుగు చెక్కలయ్యేసరికి ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) కిందికి జారేది. రోలరు చెక్క పోయే దారికి సరిగ్గా అడ్డంగా లేకపోతే చెక్కను పక్కకు లాగుతుంది, అప్పుడు మిషన్ లోపల మూలుగు మొదలు. అన్నిటికన్నా చికాకు ఏమిటంటే, మిషన్ నుంచి రోలరు దాకా మధ్యలో ఏమీ ఉండదు. చెక్క కొస వంగుతూ వచ్చి రోలరు మీదికి ఎక్కాల్సింది పోయి, దాని పొట్టలో గుచ్చుకుంటుంది. ఒకసారి అలా గుచ్చుకోబోతుంటే ఎత్తి పెడదామని చెయ్యి పెట్టాను. చెక్క నిమిషానికి 8 మీటర్లు నడుస్తుందంటే ఏదో నెమ్మది అనుకుంటాం. చెక్కకీ రోలరుకీ మధ్య రెండు వేళ్లు నలిగాయి. గోరు ఊడి కొత్తది రావడానికి నాలుగు నెలలు పట్టింది. అంతకుముందు కూడా చెప్పేవారు, మిషన్ నడుస్తుండగా చెక్క కింద చెయ్యి పెట్టొద్దని, చెక్కకు సరిగ్గా ఎదురుగా కాకుండా పక్కన నిలబడమని. చెప్పేవారు.

ఇక బల్లలే కట్టుకోవాలని తీర్మానించుకుని, నేను పాత రోజుల్లో వెళ్లే మిల్లుకు వెల్డింగ్ కుర్రాణ్ణి తీసుకెళ్లాను. అక్కడి పెద్ద పోత ఇనుము ప్లేనరుకు ముందూ వెనకా పొడుగాటి బల్లలు బ్రాకెట్ల మీద వేలాడుతూ ఉంటాయి. అతను కొలతలు రాసేసుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడు మిల్లు ఆపరేటరు చక్రం తిప్పాడు, బల్లలు రెండూ బెడ్‌తో పాటు కిందికి దిగాయి. నాకు తల మీద మొట్టినట్టయింది. ఆ మిషన్‌లో బ్లేడ్ల తల కదలదు, మందం మార్చాలంటే బెడ్ పైకీ కిందికీ వెళ్తుంది. అందుకే బల్లలు బెడ్‌కే వేలాడాలి. నాది దీనికి తలకిందులు. బెడ్ ఉన్నచోటే ఉంటుంది, తలే దిగుతుంది. అంటే నా బల్లల ఎత్తు ఒక్కసారి కుదిరిస్తే చాలు, రెండంగుళాల చెక్క పెట్టినా అరంగుళం పెట్టినా మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. బ్రాకెట్ల ఖర్చు తప్పింది. బల్లలు కట్టించుకునేవాళ్లు ఎవరైనా ముందు తేల్చుకోవాల్సింది ఇదే, మీ మిషన్‌లో కదిలేది ఏది అని.

మొదటి బల్లలు నేనే చేసి పాడుచేసుకున్నాను. ఒక వార్డ్‌రోబ్ పనిలో మిగిలిన కమర్షియల్ ప్లై ముక్కలు ఉంటే, పైన సన్‌మైకా అతికించి, నాలుగేసి కాళ్లు పెట్టి నేల మీద నిలబెట్టాను. ఒక్కోటి నాలుగు అడుగులు. పొడుగుంటే చాలు, మెట్టు పోతుందనుకున్నాను. మెట్టు పోలేదు సరికదా, కొన్ని చెక్కలకు ఇంకా లోతైంది. పైగా వానలు మొదలయ్యాక బల్లలు రెండూ విల్లులా వంగాయి. సన్‌మైకా ఒక వైపే అతికిస్తే ఆ వైపు తేమ పీల్చదు, అడుగు పీలుస్తుంది, ఇక వంగక ఏం చేస్తుంది? వార్డ్‌రోబ్ తలుపులకు రెండు వైపులా అతికించాలని కస్టమర్లకు నేనే చెబుతాను. నా బల్ల దగ్గరకొచ్చేసరికి ఒక షీటు మిగుల్చుకున్నాను.

మధ్యలో ఇంకో ప్రయోగం. 8 అడుగుల ప్లై పలకను మిషన్‌లోంచి ఇటు నుంచి అటు దూర్చి, దాన్నే బెడ్‌గా వాడటం. రోలర్లు పలకను కూడా లాక్కుపోకుండా ముందు కొస కింద ఒక అడ్డ ముక్క కొట్టాలి, అది మిషన్ అంచుకు తట్టుకుని ఆగుతుంది. అతుకు అన్నదే లేదు కాబట్టి ఆలోచన మంచిదే, సన్నటి చిన్న చెక్కలకు ఇప్పటికీ అప్పుడప్పుడు వాడతాను. కానీ పలకకూ బెడ్‌కూ మధ్య ఒక్క పొట్టు పేలిక దూరినా చెక్క మీద అల వస్తుంది. బరువైన చెక్క ఎక్కితే పలక గాలిలో ఊగుతుంది. దానికి కూడా కింద ఆసరా కావాలి. మళ్లీ మొదటికే వచ్చాను.

ఈసారి బాబాయి అన్నాడు, "బల్లల సంగతి తర్వాత, ముందు మిషన్‌కున్న రెక్కలు మట్టంగా ఉన్నాయో లేదో చూశావా?" చూడలేదు. కంపెనీ వాళ్లు బిగించినవే కదా, సరిగ్గానే ఉంటాయనుకున్నాను.

మట్టం చూడాలంటే ముందు వంకర లేని బద్ద కావాలి. గోడ మేస్త్రి దగ్గర 6 అడుగుల అల్యూమినియం బద్ద అరువు తెచ్చాను. దాని అంచు వెంట సన్‌మైకా మీద పెన్సిల్ గీత గీసి, బద్దను తిరగేసి, రెండు కొసలూ అదే గీతకు ఆనించి మళ్లీ గీశాను. మధ్యలో రెండు గీతలూ గోరు పట్టేంత విడిపోయాయి. బద్దే వంకర! దాన్ని తిరిగిచ్చేసి, అల్యూమినియం సెక్షన్లు అమ్మే కొట్లో నిలబడి, అక్కడే గీతలు గీసి చూసుకుని ఒకటి ఏరుకున్నాను. కొట్టువాడు నన్నదోలా చూశాడు.

ఆ బద్దను బెడ్ మీద పెట్టి, రెక్కల కొస దగ్గర కింద నోటు పుస్తకం కాగితాలు ఒక్కోటీ దూరుస్తూ పోయాను. ముందు రెక్క కొసన ఇరవై కాగితాలు పట్టాయి. వెనక రెక్కకు పన్నెండు. కాలిపర్‌తో ఆ ఇరవై కాగితాలూ కలిపి కొలిస్తే రెండు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. రెక్కలు రెండూ దిగిపోయి ఉన్నాయి. కారణం కూడా కనపడుతూనే ఉంది. పాతాయన కుర్రాళ్లు మిషన్‌ను సైట్ల మీదికి తిప్పేటప్పుడు రెక్కలు పట్టుకునే ఎత్తి ఉంటారు, మడత బందుల దగ్గర రేకు సాగిపోయింది. నేను నా నాలుగడుగుల బల్లలను ఆ దిగిపోయిన రెక్కల కొసకు కలిపి మట్టం చేసుకున్నాను. అంటే పల్లాన్నే పొడుగ్గా చేశాను. పొడుగాటి ఏతం మరి, మెట్టు లోతవ్వక ఏమవుతుంది!

ఆ రెక్కల్ని విప్పి పక్కన పడేశాను. ఈసారి వెల్డింగ్ కుర్రాడితో ఒక్కటే స్టాండు చేయించాను, అంగుళన్నర చదరపు పైపుతో. మిషన్ కింద రబ్బరు బుడిపెలు తీసేసి దాన్ని స్టాండుకే బోల్టులతో బిగించాను. బల్లలు కూడా ఆ స్టాండు నుంచే మొదలవుతాయి, వాటికి నేల మీద కాళ్లు లేవు. బయటి కొసను మోసే ఏటవాలు పైపులు కూడా స్టాండు అడుగు నుంచే పైకి వస్తాయి. నాపరాళ్లు ఎలా ఉంటే నాకేంటి? స్టాండు ఒరిగితే అన్నీ కలిసి ఒరుగుతాయి, మిషన్‌కూ బల్లకూ మధ్య మట్టం మాత్రం చెడదు.

బల్లకు ఈసారి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై (తడికి తట్టుకునేది), 19 ఎంఎం. పైనా కిందా సన్‌మైకా. అడుగున పొడవునా రెండు టేకు బద్దలు నిలువుగా నిలబెట్టి స్క్రూలు వేశాను, బరువుకు వంగకుండా. ఒక్కో బల్ల మూడున్నర అడుగులే. ఇంకా పొడుగు పెట్టాలని మనసులో ఉంది కానీ షెడ్డు ఒప్పుకోలేదు. ఇప్పటికే 7 అడుగుల చెక్క వెనక నుంచి బయటికి వచ్చేసరికి దాని ముక్కు గుమ్మం దాటి సందులోకి పోతుంది. ఎదురింటి అత్తయ్యగారు ముగ్గు వేసుకునే వేళకు మిషన్ ఆపాలని ఒప్పందం. పని లేనప్పుడు ఏటవాలు పైపు తప్పిస్తే బల్ల కిందికి వేలాడుతుంది, స్కూటరు పెట్టుకునే చోటు వస్తుంది.

మిషన్ వైపు అంచుకు సాగదీసిన బెజ్జాలున్న యాంగిల్ ముక్కలు, బయటి కొసన నిలువు బోల్టు, దానికి రెండు నట్లు. ఒక నట్టుతో ఎత్తడం, రెండోదానితో బిగించడం. ఇది కుదర్చడానికి ఒక ఆదివారం పొద్దంతా పట్టింది. ముందు మిషన్ వైపు అంచు. బద్ద కింద ఒక్క కాగితం కూడా దూరకూడదు, అలాగని వెనక బల్ల అంచు బెడ్ కన్నా పైకీ ఉండకూడదు. ఉంటే చెక్క ముక్కు తట్టుకుంటుంది. ఆ తర్వాత బయటి కొసలు. మొదట అంతా ఒకే మట్టానికి పెట్టి ఒక పాత మామిడి చెక్క పంపాను. మెట్టు సగానికి సగం తగ్గింది, పోలేదు. అప్పుడు రెండు బల్లల బయటి కొసల్నీ ఒక రూపాయి బిళ్ల మందం పైకి లేపాను. బెడ్ రెండు అంచుల మీదా ఒక్కో రూపాయి బిళ్ల, వాటి మీద బద్ద, బద్ద రెండో కొస బల్ల చివరకు సరిగ్గా తగిలేలా. ఇలా పెడితే చెక్క బరువే దాని కొసను బెడ్ మీదికి నొక్కుతుంది. మళ్లీ అదే మామిడి చెక్క. వేలికి ఏమీ తగల్లేదు. బద్ద పెట్టి చూస్తే కొసన ఒక్క కాగితం దూరింది, రెండోది దూరలేదు.

ఆశ కదా, రెండు బిళ్లలు పెట్టి కూడా చూశాను. అంగుళన్నర టేకు చెక్క వంగే రకం కాదు. రెండు బల్లల కొసల మీదా వంతెనలా నిలబడి బెడ్‌ను వదిలేసింది, మధ్యలో మందం తగ్గింది. మళ్లీ ఒక బిళ్లకే వచ్చాను.

ఆ మిగిలిన ఒక్క కాగితం బల్లలది కాదు. చెక్క ఒక్క రోలరు కిందే ఉన్నప్పుడు మిషన్ తల నాలుగు స్తంభాల మీద ఇసుమంత ఒరుగుతుంది. ఆ మిషన్‌తో అంతకన్నా రాదు. ఎక్కువ బద్దలున్న రోజు వాటిని రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఆనించి పంపుతాను, ముందొక పనికిరాని ముక్క, వెనకొక ముక్క. కొరికితే వాటినే కొరుకుతుంది. విడిగా పంపిన వాటికి స్క్రాపరుతో నాలుగు గీకులు. బల్లల మీద కొవ్వొత్తి రుద్ది బట్టతో తుడుస్తాను, చెక్క వెన్నలా పోతుంది. సిలికాన్ స్ప్రే కొట్టమని ఒకరు సలహా ఇచ్చారు. అది చెక్కకు అంటుకుంటే పాలిష్ పట్టదు, గుంటలు గుంటలుగా విడిపోతుంది, అందుకని దాన్ని షెడ్డులోకే రానివ్వలేదు.

పైపు, ప్లై, వెల్డింగ్, బోల్టులు అన్నీ కలిపి ఆరు వేల చిల్లర అయింది. రోలర్ స్టాండ్లకూ మొదటి బల్లలకూ తగలేసింది ఇందులో కలపలేదు. ఒక స్టాండు మీద ఇప్పుడు పాలిష్ బట్టలు ఆరేస్తున్నాం.

పోయిన నెల మండువా ఇంటి దూలాలతో చేసిన జంట తలుపులు పాలిష్‌కు వెళ్లాయి. సరిగ్గా 7 అడుగుల చెక్క, ఒక్క అంగుళం కూడా పోగొట్టలేదు. సాయంత్రం మేస్త్రి ఫోన్. టెన్షన్‌గానే ఎత్తాను.

"తమ్ముడూ, ఎడమ రెక్క కింది పలకలో మేకు బెజ్జం ఉంది. లప్పం పెట్టమంటావా, చెక్క బిరడా కొడతావా?"

"కొసలు?" అన్నాను.

"కొసలకేం? బెజ్జం సంగతి చెప్పు ముందు."